టీసీ చేతిలో పెట్టే ముందు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు,

నమస్కారం. నేను 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. అందులో చివరి తొమ్మిదేళ్లు మీలాంటి ఒక రెసిడెన్షియల్ కాలేజీలోనే పనిచేశాను. దాని పేరు ఇక్కడ అనవసరం. అక్కడ జరిగిన ఒక మీటింగ్ సంగతి మాత్రం చెప్పాలి. ఎందుకంటే ఆ రోజు నోరు మూసుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

బైపీసీ సెకండియర్ కుర్రాడు. పదిహేడు ఇంకా నిండలేదు. ఆదివారం ఔటింగ్ నుంచి తిరిగొచ్చినప్పుడు గేటు దగ్గర వెతికితే సాక్సులో చిన్న పొట్లం దొరికింది. గంజాయి. సాయంత్రం ఆరింటికి పొట్లం దొరికితే మర్నాడు పదకొండింటికల్లా తండ్రి చేతిలో టీసీ ఉంది. ఆయన రాత్రి బస్సెక్కి వచ్చాడు. ఒక్క అవకాశం ఇవ్వండి సార్ అని మా అందరి ముఖాల్లోకీ వరసగా చూశాడు. "మిగతా పిల్లలు పాడైపోతారండీ" అన్నారు ప్రిన్సిపాల్. అందరం తలూపాం. ఎన్నాళ్లుగా తాగుతున్నావు, ఎవరిచ్చారు, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని ఆ కుర్రాణ్ణి అడిగినవాడు మాలో ఒక్కడూ లేడు. ట్రంకు పెట్టె, పరుపు ఆటోలో వేసుకుని తండ్రీకొడుకులు వెళ్లిపోయారు. మాకు మూడో పీరియడ్ బెల్లు కొట్టారు.

మెదడు నిర్మాణం, విధులు రాయమని నేను పాఠం చెప్పిన రోజుల్లో మన సిలబస్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్న ఒకటుండేది. మీలో సైన్సు చెప్పినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. నిద్రలో లేపి గీయమన్నా గీస్తాను. అయితే ఆ బొమ్మలో ఉన్నది పెద్దవాళ్ల మెదడు. బెంచీ మీద కూర్చుని దాన్ని నోట్సులోకి ఎక్కిస్తున్న పిల్లవాడి తలలో ఉన్న మెదడు ఇంకా అలా తయారవలేదు. ఇంత చిన్న విషయం నేను ఏ బ్యాచ్‌కీ చెప్పలేదు. మేం చదువుకున్న రోజుల్లో మెదడు చిన్నతనంలోనే పూర్తయిపోతుందనే అనుకునేవాళ్లం.

1990ల్లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్‌లో జే గీడ్ అనే డాక్టరు, ఆయన బృందం కలిసి కొందరు పిల్లలకు కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ ఎమ్మారై తీస్తూ వెళ్లారు. కౌమారం మొదలయ్యేటప్పుడు మెదడు పై పొరలో బూడిదరంగు పదార్థం బాగా పెరిగి, అక్కడి నుంచి ఏటేటా తగ్గుతూ వచ్చింది. తగ్గడమంటే చెడిపోవడం అనుకోకండి. తోటమాలి కత్తిరింపులు చేసినట్టు, వాడని కనెక్షన్లను మెదడు తీసేస్తుంది, వాడేవాటిని గట్టి చేసుకుంటుంది. మిగిలిన తీగలకు మయలిన్ తొడుగు చుట్టుకుంటుంది, దాంతో సంకేతాల వేగం పెరుగుతుంది. ఈ పని మొత్తం మీద మెదడు వెనక భాగం నుంచి ముందుకు నడుస్తుంది. అన్నిటికంటే ఆఖరున పూర్తయ్యేది నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఒక్క క్షణం ఆగి ఆలోచించడం, రేపేమవుతుందో లెక్క వేసుకోవడం, మనసు లాగుతున్నా వద్దనుకోగలగడం, ఇవన్నీ దాని పనులు. అది కుదురుకునేసరికి దాదాపు ఇరవై అయిదేళ్లు వస్తాయి. కిక్కు కోసం, కొత్తదనం కోసం, మెప్పు కోసం ఉరికే భాగం మాత్రం పదిహేనేళ్లకే పరుగు అందుకుంటుంది. ఎడ్లు బలిసిపోయాయి, పగ్గాలు ఇంకా పేనుతూనే ఉన్నారు. అదీ మీ హాస్టల్లో ఉన్న పిల్లవాడి పరిస్థితి.

ఇంకో ప్రయోగం మీ హాస్టళ్లకు సూటిగా తగులుతుంది. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరి చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకూ, 24 ఏళ్లు, ఆ పైన ఉన్నవాళ్లకూ తెగింపులో పెద్ద తేడా కనపడలేదు. పక్కన స్నేహితులు నిలబడి చూస్తుంటే మాత్రం పిల్లల దూకుడు బాగా పెరిగింది, పెద్దవాళ్లది దాదాపు మారలేదు. ఇప్పుడు మీ హాస్టల్ గదిని గుర్తు చేసుకోండి. గదికి ఎనిమిది మంది, ఇరవై నాలుగు గంటలూ చూసే స్నేహితులే. "దమ్ముంటే కొట్టరా" అన్న మాట అక్కడ పడితే, దానికి అడ్డుపడాల్సిన భాగం ఆ ఎనిమిది తలల్లో ఒక్కదాంట్లోనూ పూర్తిగా తయారై లేదు. గోడ మీద "మాదకద్రవ్యాలు ప్రాణాంతకం" అని పోస్టర్ అంటించి ఊరుకుంటే సరిపోకపోవడానికి కారణం పిల్లలకు చదవడం రాకపోవడం కాదు. మద్యం, పొగాకు, మాదకద్రవ్యాల పాఠం అప్పట్లో ఫస్టియర్ జువాలజీలోనే ఉండేది. దాన్ని కంఠతా పట్టి పరీక్ష రాసి వచ్చిన కుర్రాడి సాక్సులోనే ఆ రోజు పొట్లం దొరికింది.

ఇక మందు సంగతి. దీని మీద మీ దృష్టి గంజాయి మీద ఉన్నంత లేదని నా అనుమానం. గంజాయి అంటే పోలీసులు, పేపర్లో కాలేజీ పేరు. బీరు అంటే "కుర్రాళ్లు కదా". ఫేర్‌వెల్ రాత్రి మేడ మీద ఖాళీ సీసాలు దొరికితే ఊడ్పించేసి ఊరుకున్న వార్డెన్లను నేనెరుగుదును. రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాడికి మందు అమ్మకూడదు. వైన్స్ కౌంటర్ దగ్గర వయసు అడగడం మీలో ఎవరైనా చూశారా? ఊళ్లలో బెల్టు షాపుకి తండ్రే కొడుకుని పంపి క్వార్టర్ తెప్పించుకుంటాడు. పెళ్లిళ్లలో బాబాయిలే గ్లాసు చేతికిచ్చి, "మగాడివి కాదట్రా" అంటారు. ఆ బాబాయిలకు తెలియని విషయం ఒకటుంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మందు ఇవ్వడం ఏడేళ్ల వరకూ కఠిన జైలు శిక్ష పడే నేరం. పొగాకు ఇచ్చినా అంతే.

"వాడు రెండు బీర్లకే పడిపోయాడ్రా, నాకు నాలుగు కొట్టినా ఎక్కదు" అని చెప్పుకునేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. మనం కూడా విని, గట్టి ఒళ్లు అని నవ్వేస్తాం. అందరికంటే ముందు భయపడాల్సింది వాణ్ణి చూసి.

పెద్దవాడు తాగితే నాలుక మొద్దుబారుతుంది, కాలు తూలుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. ఒక రకంగా ఇవన్నీ ఒళ్లు వేసే బ్రేకులు. ఇక చాలు, పోయి పడుకో అని చెప్పడం. పిల్లలకు మందు పోసి పరీక్షించకూడదు కాబట్టి ఈ విషయం ఎక్కువగా ఎలుకల మీద చూశారు. కౌమారంలో ఉన్న ఎలుకలు అదే మోతాదుకి పెద్ద ఎలుకల కంటే తక్కువ తూలతాయి, మత్తులో తక్కువసేపు పడుకుంటాయి. అదే జ్ఞాపకానికి పరీక్ష పెడితే, నీళ్ల తొట్టిలో కనపడకుండా పెట్టిన మెట్టు ఎక్కడుందో గుర్తుపెట్టుకుని వెళ్లమంటే, పెద్దవాటి కంటే చిన్నవే ఎక్కువ తడబడ్డాయి. అంటే ఆపమని చెప్పే బ్రేకు ఆ వయసులో బలహీనం, నేర్చుకునే యంత్రానికి తగిలే దెబ్బ మాత్రం ఎక్కువ. కొత్త జ్ఞాపకాన్ని మెదడులో నాటేది హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం. ఆల్కహాల్ అక్కడ సంకేతాలు అందుకునే కొన్ని రిసెప్టర్లను మూసేస్తుంది. "ఆ రాత్రి రూముకి ఎలా వచ్చానో గుర్తులేదురా" అని నవ్వుతూ చెప్పే కుర్రాడు మర్చిపోయాడని మనం అనుకుంటాం. అసలు ఆ గంటలు వాడి మెదడులో రికార్డే కాలేదు. మీకు నచ్చే భాషలో చెప్పాలంటే, పగలంతా స్టడీ అవర్లో కూర్చుని చదివినది మెదడులో స్థిరపడేది రాత్రి నిద్రలో. మందు తాగి పడుకున్నవాడికి పట్టేది ఆ నిద్ర కాదు. లక్షల ఫీజు తీసుకుని పెట్టిన వీకెండ్ టెస్టు అక్కడే పోయింది.

ఎప్పుడు మొదలుపెట్టారన్నది కూడా చూడండి. అమెరికాలో 43 వేల మంది పెద్దవాళ్లను అడిగి తీసిన లెక్కలు 2006లో వచ్చాయి. పద్నాలుగేళ్ల లోపే మందు మొదలుపెట్టినవాళ్లలో 47 శాతం మంది జీవితంలో ఏదో ఒక దశలో దానికి బానిసలయ్యారు. 21 దాటాక మొదలుపెట్టినవాళ్లలో అది 9 శాతమే. తాగే కుటుంబంలో పుట్టినవాడు ముందుగా మొదలుపెడతాడు, బానిస కూడా అవుతాడు, అందువల్ల వచ్చిన తేడా కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆ సంగతి లెక్కలోకి తీసుకున్నా సంబంధం పోలేదు.

గంజాయి దగ్గరకొస్తాను. మన మెదడు గంజాయిలాంటి పదార్థాన్ని సొంతంగా తయారుచేసుకుంటుంది. 1992లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో దాన్ని కనుక్కున్నవాళ్లు దానికి పెట్టిన పేరు ఆనందమైడ్. అవును, మన ఆనందమే, సంస్కృతం నుంచి తీసుకున్నారు. మెదడులో దాని పని చాలా సున్నితమైనది. ఒక నాడీకణం పక్కదానికి సంకేతాలు ఎక్కువగా పంపుతుంటే, అందుకునే కణం "ఇక చాలు" అని వెనక్కి కబురు పెట్టడానికి ఇలాంటి పదార్థాలనే వాడుతుంది. ఇందాక చెప్పిన కత్తిరింపులు, అల్లికలు జరిగే వయసులో ఈ కబురు ఎక్కడికి, ఎంత అందాలో అంతే అందాలి. గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ. అది ఆనందమైడ్ పట్టే రిసెప్టర్లలోనే, తాళంలో దొంగ చెవిలా దూరి, అన్ని చోట్లా ఒకేసారి, గంటల తరబడి "చాలు, చాలు" అని అరుస్తుంది.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ ఊళ్లో 1972-73లో పుట్టిన 1,037 మందిని పుట్టినప్పటి నుంచి పరిశీలిస్తున్నారు. టీనేజీలో గంజాయి మొదలుపెట్టి ఏళ్ల తరబడి వదలనివాళ్ల ఐక్యూ, 13 ఏళ్లప్పటితో పోలిస్తే 38 ఏళ్లకు 8 పాయింట్ల దాకా తగ్గిందని 2012లో రాశారు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో అంత తగ్గుదల లేదు. దీని మీద వాదాలున్నాయి, దాచను. తర్వాత కవల పిల్లల మీద చేసిన పరిశీలనలో గంజాయి తాగిన కవలకూ తాగని కవలకూ ఐక్యూలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. కాబట్టి "గంజాయి తాగితే ఐక్యూ పోతుంది" అని బోర్డు పెట్టమని నేను చెప్పను. మానసిక జబ్బుల విషయంలో మాత్రం గట్టిగానే చెబుతాను. స్వీడన్‌లో సైన్యంలోకి వచ్చిన 45 వేల మంది కుర్రాళ్లను పదిహేనేళ్లు పరిశీలించి 1987లో ఇచ్చిన లెక్కలో, అప్పటికే యాభై సార్లకు మించి గంజాయి తాగినవాళ్లకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు రావడం, తాగనివాళ్ల కంటే ఆరు రెట్లు ఎక్కువగా కనపడింది. తాగినవాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు, నిజమే. ఇంట్లో అలాంటి జబ్బు ఉన్న పిల్లవాడికి ప్రమాదం ఎక్కువ. ఎవరింట్లో ఉందో మీకు తెలుసా? అడ్మిషన్ ఫారంలో టెన్త్ మార్కుల దగ్గర నుంచి తండ్రి ఆదాయం దాకా అన్నీ అడుగుతారు, ఇదొక్కటి తప్ప.

విశాఖ మన్యంలో 2021లో "ఆపరేషన్ పరివర్తన" పేరుతో పోలీసులు వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికారు. మంచిదే. అయినా సరుకు ఆగలేదని మీ గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డుకి తెలుసు. పొట్లం కాకపోతే లిక్విడ్, అదీ కాకపోతే చాక్లెట్ రూపంలో వస్తోంది. గేటు దాకా రానక్కర్లేనిది కూడా ఒకటుంది, వైట్నర్, జిగురు లాంటివి పీల్చడం. 2019లో ఎయిమ్స్ వాళ్లు ఇచ్చిన జాతీయ సర్వే చూస్తే, పెద్దవాళ్లలో కంటే పిల్లల్లో ఎక్కువగా ఉన్న మత్తు అదొక్కటే. స్టేషనరీ షాపు మీ కాంపౌండ్‌లోనే ఉంటుంది.

అసలు నేను ఈ లేఖ రాయడానికి కారణం టీసీ. పొట్లం దొరికిన పిల్లవాణ్ణి పంపేయడం క్రమశిక్షణ అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఒకసారి ఆ పిల్లవాడి వైపు నుంచి చూడండి. ఫిబ్రవరిలో కాలేజీ లేదు, చేతినిండా ఖాళీ, ఇంట్లో తిట్లు, ఊళ్లో తలెత్తుకోలేని పరిస్థితి, పాత స్నేహితులు దూరం. దగ్గరకు రానిచ్చేది సరుకు ఇచ్చినవాడొక్కడే. మత్తు నుంచి బయటపడాలంటే ఏమేం కావాలో అవన్నీ ఒక్క కాగితంతో లాగేసి, మత్తు పెరగడానికి ఏమేం కావాలో అవన్నీ చేతిలో పెట్టి పంపుతున్నాం. మిగిలినవాళ్లు భయపడతారు అంటారా? భయపడతారు. భయపడి ఇంకా జాగ్రత్తగా దాస్తారు. రూమ్మేటు వాంతి చేసుకుని స్పృహ తప్పినా వార్డెన్ని లేపరు. లేపితే వాడికి టీసీ ఇస్తారని తెలుసు కాబట్టి. నాకు అన్నిటికంటే భయం ఇక్కడే.

ఈమధ్య మూత్ర పరీక్ష కిట్లు కొందామని కొందరు యాజమాన్యాల వాళ్లు అనుకుంటున్నట్టు విన్నాను. ఒక్క సంగతి తెలుసుకుని కొనండి. టీహెచ్‌సీ కొవ్వులో కరిగి నిలవ ఉంటుంది. రోజూ తాగినవాడు పూర్తిగా మానేసినా మూడు నాలుగు వారాల దాకా కిట్టులో పాజిటివ్ రావచ్చు. శనివారం రాత్రి పీకలదాకా మందు తాగినవాడు సోమవారం ఏ మామూలు పరీక్షలోనూ దొరకడు. మానేసినవాణ్ణి పట్టుకుని, తాగుతున్నవాణ్ణి వదిలేసే కిట్టుతో ఎవరిని పంపిస్తారు?

మానేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ధైర్యం ఇచ్చింది అదే. 2018లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లు గంజాయి అలవాటున్న 16 నుంచి 25 ఏళ్ల వాళ్లను 88 మందిని తీసుకుని, కొందరిని నెల రోజులు మాన్పించి, మిగిలినవాళ్లను వాళ్ల మానాన వదిలేశారు. మానేసినవాళ్లలో కొత్త విషయాలు నేర్చుకుని గుర్తుపెట్టుకునే శక్తి మెరుగుపడింది, అదీ ఎక్కువ భాగం మొదటి వారంలోనే. అన్నీ తిరిగొస్తాయని ఆ పరిశీలన చెప్పలేదు, ఏకాగ్రతలో తేడా కనపడలేదు. అయినా ఒక్క వారం! పబ్లిక్ పరీక్షలకు నెలన్నర ముందు పట్టుబడిన కుర్రాడికి మనం ఆ వారం ఇవ్వలేదు. ఇంకా తయారవుతున్న మెదడు కాబట్టే దెబ్బ ఎక్కువ తగులుతుంది, తయారవుతున్నది కాబట్టే కోలుకునే వీలూ ఉంటుంది.

చట్టం మనకంటే నయం. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో (ఎన్‌డీపీఎస్) 64ఏ అనే సెక్షన్ ఉంది. మత్తుకి అలవాటుపడి, వాడినందుకో కొద్ది మొత్తం దగ్గర పెట్టుకున్నందుకో కేసులో ఇరుక్కున్నవాడు తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వెళ్లి పూర్తి చేస్తే, ఆ కేసు నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మేవాణ్ణి అది వదలదు, వదలనక్కర్లేదు. పిల్లల చేత సరుకు మోయించేవాణ్ణి మీరూ వదలకండి, పేరు తెలిస్తే పోలీసులకు చెప్పండి. ఆంధ్రలో 1972, తెలంగాణలో 1908 ఫోన్ నంబర్లు ఉన్నది అందుకే.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. మొదటిసారి దొరికిన పిల్లవాడికి టీసీ ఇవ్వం, వైద్యానికి పంపి వెనక్కి తీసుకుంటాం అని మీ రూల్స్ పుస్తకంలో రాయండి, అడ్మిషన్ రోజే తల్లిదండ్రుల ముందు చదవండి. మత్తులో పడిపోయిన స్నేహితుడి కోసం వార్డెన్ని లేపిన పిల్లవాడి మీదా, ఆ పడిపోయినవాడి మీదా చర్య ఉండదని కూడా రాయండి. మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లూ ప్రిన్సిపాల్ గదిలో కాకుండా బాత్రూం తలుపు లోపలివైపు అంటించండి, ఎవరూ చూడకుండా రాసుకునే వీలుండాలి. హైదరాబాద్‌లోని మానసిక ఆస్పత్రి ఉన్న ఎర్రగడ్డ అన్న పేరు వింటేనే తల్లిదండ్రులు హడలిపోతారు. అక్కడికి తీసుకెళ్లడమంటే పిచ్చివాడని ముద్ర వేయడం కాదని మీరు చెబితే వింటారు, నేను చెబితే వినరు. పొద్దున అయిదు నుంచి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టే టైంటేబుల్ మీద కూడా ఒక మాట ఉంది. ఎందుకు మొదలుపెట్టావురా అని తర్వాత్తర్వాత నేను అడిగిన పిల్లల్లో చాలామంది చెప్పిన మాట "టెన్షన్ సార్, నిద్ర పట్టట్లేదు". వాళ్లకు గంట నిద్ర పెంచితే ర్యాంకులు పడిపోవు.

ఆ బైపీసీ కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. తర్వాత ఒకసారి అడ్మిషన్ రిజిస్టర్‌లో వెతికి వాళ్ల నాన్న నంబరుకి ఫోన్ చేశాను. అప్పటికే నంబరు మారిపోయింది.

కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే వారంలో మీ కాలేజీకి పిలిస్తే వస్తాను. రానూపోనూ బస్సు చార్జీలు నావే. మొదటి గంట మాత్రం పిల్లలతో వద్దు, వార్డెన్లనూ ఫ్లోర్ ఇన్‌చార్జిలనూ కూర్చోబెట్టండి. ఒక బోర్డు, నాలుగు రంగుల చాక్‌పీసులు ఉంటే చాలు. ఆ ఎనిమిది మార్కుల బొమ్మే గీస్తాను, ఈసారి పదహారేళ్ల వాడిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జువాలజీ లెక్చరర్